డెస్క్‌టాప్‌కు ర్యామ్ ఎంపిక: పాతబస్తీ ముద్రణ బజారు ఆధారంగా ఒక పరిశీలన

కంప్యూటరులో తెరిచి ఉన్న ఫైళ్లను, నడుస్తున్న ప్రోగ్రాములను పని సాగినంతసేపు నిలిపి ఉంచే తాత్కాలిక జ్ఞాపకమే ర్యామ్. డెస్క్‌టాప్‌లో ఇది మదర్‌బోర్డు మీది స్లాట్లలో నిలువుగా బిగించే సన్నని పలకల రూపంలో ఉంటుంది. ఈ పలకలనే మెమరీ మాడ్యూళ్లు అంటారు. శాశ్వత నిల్వ హార్డ్‌డిస్కు, ఎస్‌ఎస్‌డీల పని. ర్యామ్‌లో ఉన్నదంతా కరెంటు పోగానే చెరిగిపోతుంది.

కంప్యూటరు భాగాల్లో యజమాని తన చేత్తో మార్చుకోగలిగినవి కొన్నే. వాటిలో అన్నిటికన్నా సులువైనది ర్యామ్. తప్పు సరుకు కొనేసే అవకాశం ఎక్కువగా ఉన్నదీ దాని విషయంలోనే. చూడటానికి ఒకేలా ఉన్న రెండు మాడ్యూళ్లు ఒకదాని చోట మరొకటి పనిచేయకపోవచ్చు. పెట్టె మీద పెద్ద అంకె చూసి ఎక్కువ ధర పెట్టి కొన్న సరుకు ఆ బోర్డు మీద తక్కువ వేగంతోనే నడవవచ్చు. అందుకే ఎంపికలో వరుస ముఖ్యం. మొదట బోర్డుకు సరిపోయే రకం, తర్వాత పనికి సరిపోయే పరిమాణం, ఆపైన జంట, చివరికి వేగం చూడాలి. ఈ వరుస తారుమారైతే చిన్న దుకాణాల వాళ్ల డబ్బు వృథా అవుతుంది. హైదరాబాద్ పాతబస్తీలోని ముద్రణ, డిజైన్ దుకాణాల అవసరాలను ఆధారం చేసుకుని ఈ వ్యాసం ఆ వరుసను వివరిస్తుంది.

ఛత్తా బజారు: కలం నుంచి కంప్యూటరుకు

పురానీ హవేలీకి, సాలార్‌జంగ్ మ్యూజియానికి దగ్గర్లో ఉన్న ఛత్తా బజారు పెళ్లి శుభలేఖలకు, ఉర్దూ చేతిరాత కళకు పేరుపొందిన వీధి. కాతిబులు, ఖుష్‌నవీసులు అనే లేఖకులు వెదురు కలంతో నస్తాలీఖ్ లిపిలో రాస్తే, ఆ రాత నుంచి అచ్చు పలకలు తయారయ్యేవి. నస్తాలీఖ్‌లో అక్షరాలు ఒకే గీత మీద వరుసగా నిలబడవు. పదం కుడి నుంచి ఎడమకు వాలుగా దిగుతుంది, పక్క అక్షరాన్ని బట్టి ప్రతి అక్షరమూ రూపం మార్చుకుంటుంది. అందువల్ల ఉర్దూ అచ్చు చాలాకాలం సీసపు అక్షరాలకు లొంగక చేతిరాత మీదే ఆధారపడింది.

మీర్జా అహ్మద్ జమీల్ చేతిరాత ఆధారంగా 1980ల మొదట్లో వచ్చిన నూరీ నస్తాలీఖ్ ఈ చిక్కును విప్పింది. వేలకొద్దీ అక్షరాల కూర్పులను ముందే రాసి పెట్టుకోవడం అందులోని కిటుకు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్ ఆ పద్ధతిని మామూలు కంప్యూటరుకు తెచ్చింది. అప్పటి ఒక్కో ఫాంటు ఫైలులో 256 అక్షర రూపాలకే చోటు ఉండేది. అందుకే నూరీ నస్తాలీఖ్‌ను ఎనభైకి పైగా ఫైళ్లుగా విడగొట్టాల్సి వచ్చింది. ఇన్‌పేజ్ రాకతో కాతిబుల పని బాగా తగ్గిపోయింది. వాళ్లు కూర్చున్న చోట డెస్క్‌టాప్ కంప్యూటర్లు వచ్చి చేరాయి.

ఇలాంటి డిజైన్ దుకాణంలో కంప్యూటరు మీద ఇప్పుడు ఒకేసారి చాలా పనులు నడుస్తాయి. ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్లతో పేజ్‌మేకర్, శుభలేఖ అలంకరణకు కోరెల్‌డ్రా, ఫొటోలకు ఫొటోషాప్, ఖాతాదారు పంపిన బొమ్మలు దించుకోవడానికి బ్రౌజరులో వాట్సాప్. వీటన్నిటినీ ఒకే సమయంలో నిలిపి ఉంచవలసిన భారం ర్యామ్‌దే.

హైదరాబాద్‌తో జ్ఞాపక సాంకేతికత సంబంధం

కంప్యూటరు జ్ఞాపకంతో ఈ నగరానికి అర్ధ శతాబ్దం దాటిన బంధం ఉంది. 1967లో హైదరాబాద్ కేంద్రంగా ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ రెండేళ్లకే టీడీసీ-12 అనే 12 బిట్ల కంప్యూటరును అందించింది. అందులో ఉన్నది అయస్కాంత కోర్ జ్ఞాపకం. గింజంత ఫెర్రైట్ ఉంగరాల గుండా సన్నని తీగలు దూర్చి అల్లిన వల అది. ఒక్కో ఉంగరం ఒక్కో బిట్‌ను నిలుపుకొనేది, కరెంటు పోయినా మరిచిపోయేది కాదు.

ఆ కాలంలోనే అమెరికాలో ఐబీఎం ఇంజినీరు రాబర్ట్ డెన్నార్డ్ ఒక ట్రాన్సిస్టరు, ఒక కెపాసిటరుతో ఒక బిట్‌ను దాచే పద్ధతిని 1966లో ఆలోచించాడు. 1968లో దానికి పేటెంటు వచ్చింది. డీర్యామ్ అని పిలిచే నేటి ర్యామ్‌కు మూలం అదే. ఇంటెల్ 1970లో విడుదల చేసిన 1103 చిప్పులో 1,024 బిట్లు ఉండేవి. ఈనాటి 8 జీబీ మాడ్యూలులో ఉన్నవి దాదాపు 6,872 కోట్ల బిట్లు.

ప్రపంచంలోని మూడు పెద్ద డీర్యామ్ తయారీదారుల్లో ఒకటైన మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో అభివృద్ధి కేంద్రాన్ని తెరిచింది. మిగతా రెండూ కొరియాకు చెందిన శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్. గుజరాత్‌లోని సానంద్‌లో చిప్పుల కూర్పు, పరీక్షల కర్మాగారం నిర్మిస్తామని మైక్రాన్ 2023లో ప్రకటించింది. కొన్నవారు మాడ్యూలు మీద చూసే పేర్లు ఏవైనా, లోపలి చిప్పులు ఎక్కువగా ఈ మూడింటిలో ఒకదాని దగ్గరివే.

ర్యామ్ పనిచేసే తీరు

డీర్యామ్‌లో ప్రతి బిట్ ఒక సూక్ష్మమైన కెపాసిటరులో విద్యుదావేశంగా ఉంటుంది. చిల్లికుండలో నీళ్లలా ఆ ఆవేశం కారిపోతూ ఉంటుంది గనుక మళ్లీ మళ్లీ నింపాలి. డీడీఆర్4 అనే తరం వరకు మామూలు ఉష్ణోగ్రతలో ప్రతి బిట్‌నూ 64 మిల్లీసెకన్లలోగా ఒకసారి తాజా చేయాలని ప్రమాణం. చిప్పు వేడి 85 డిగ్రీలు దాటితే కెపాసిటర్లు మరింత త్వరగా కారతాయి గనుక ఆ గడువు సగానికి తగ్గుతుంది.

హైదరాబాద్ వేసవికి దీనితో సంబంధం ఉంది. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం, ఫ్యాను గాలితో నడిచే చిన్న గదిలో, దుమ్ము పట్టిన క్యాబినెట్ లోపల వేడి ఇంకా ఎక్కువగా ఉంటుంది. మామూలు ర్యామ్ ఈ వేడిని తట్టుకుంటుంది. కాని ప్రమాణానికి మించిన వేగంతో, ఎక్కువ వోల్టేజీతో నడిపే ర్యామ్ చలికాలంలో బాగా పనిచేసి వేసవిలో తప్పులు చేయవచ్చు. జీవనాధారమైన యంత్రానికి నిలకడే మొదటి గుణం. ఎంపిక అంతటా ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తరాలు, గుర్తులు

మాడ్యూళ్ల ప్రమాణాలను జెడెక్ అనే అంతర్జాతీయ సంస్థ నిర్ణయిస్తుంది. ఒక తరం మాడ్యూలు మరో తరం స్లాటులో దిగకుండా అడుగు అంచున గాడి స్థానాన్ని తరానికో చోట ఉంచారు.

డీడీఆర్: 2000లో ప్రమాణం, 184 పిన్నులు, 2.5 వోల్టులు.
డీడీఆర్2: 2003, 240 పిన్నులు, 1.8 వోల్టులు.
డీడీఆర్3: 2007, 240 పిన్నులు, 1.5 వోల్టులు. డీడీఆర్3ఎల్ అనే పొదుపు రకం 1.35 వోల్టులకు నడుస్తుంది.
డీడీఆర్4: 2012, 288 పిన్నులు, 1.2 వోల్టులు.
డీడీఆర్5: 2020, 288 పిన్నులు, 1.1 వోల్టులు.

డీడీఆర్4, డీడీఆర్5 రెంటికీ పిన్నుల సంఖ్య ఒకటే అయినా గాడి చోటు వేరు, విద్యుత్ అమరిక వేరు. డీడీఆర్5లో విద్యుత్తును సర్దే చిన్న చిప్పు మాడ్యూలు మీదే ఉంటుంది. అంతకుముందు తరాల్లో ఆ పని మదర్‌బోర్డు చేసేది. దిగని మాడ్యూలును బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది, కొన్నిసార్లు బోర్డే పోతుంది.

పొడవును బట్టి కూడా రెండు రకాలు. డెస్క్‌టాప్‌లో వాడేది పొడవాటి డిమ్, ల్యాప్‌టాప్‌లో వాడేది పొట్టి సోడిమ్. కార్యాలయాల నుంచి వచ్చి పాత సరుకుగా అమ్ముడయ్యే అతి చిన్న డెస్క్‌టాప్‌లలో, తెర వెనకే కంప్యూటరు ఇమిడి ఉండే ఆల్-ఇన్-వన్‌లలో సాధారణంగా సోడిమ్ వాడతారు. డెస్క్‌టాప్ అన్న మాట నమ్మి పొడవాటి మాడ్యూలు కొంటే అది అందులో పట్టదు. మూత తీసి చూశాకే కొనాలి.

బోర్డుకు సరిపోయే రకం

ఏ తరం ర్యామ్ కావాలో తేల్చేది ప్రాసెసరు, మదర్‌బోర్డు. ఇంటెల్ కోర్ ప్రాసెసర్ల 2వ, 3వ తరాలకు వచ్చిన హెచ్61 బోర్డులు, 4వ తరానికి వచ్చిన హెచ్81 బోర్డులు డీడీఆర్3 వాడతాయి. వాటిలో సాధారణంగా రెండే స్లాట్లు ఉంటాయి, మొత్తం 16 జీబీ మించదు. 6వ తరం నుంచి డీడీఆర్4 ప్రధానమైంది. 12, 13, 14 తరాల ఇంటెల్ ప్రాసెసర్లు డీడీఆర్4, డీడీఆర్5 రెంటినీ అందుకోగలవు, కాని ఒక్కో మదర్‌బోర్డు సాధారణంగా రెంటిలో ఒకదానికే తయారై ఉంటుంది. ప్రాసెసరు పేరు ఒక్కటి చెబితే చాలదు, బోర్డు నమూనా సంఖ్య కూడా చెప్పాలి. ఏఎండీలో ఏఎం4 సాకెట్‌కు డీడీఆర్4, ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే.

బోర్డు మోడల్ తెలియకపోతే ఖర్చు లేకుండా తెలుసుకునే దారులు ఉన్నాయి. విండోస్ టాస్క్ మేనేజరులో పెర్ఫార్మెన్స్ పేజీ తెరిచి మెమరీ మీద నొక్కితే ఎన్ని స్లాట్లు ఉన్నాయో, ఎన్ని నిండాయో, ఇప్పటి ర్యామ్ ఎంత వేగంతో నడుస్తోందో కనిపిస్తుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాము బోర్డు పేరును, ఒక్కో స్లాటులోని మాడ్యూలు వివరాలను చూపుతుంది. ప్రతి మాడ్యూలు మీదా తన లక్షణాలను తానే చెప్పుకొనే ఎస్‌పీడీ అనే చిన్న చిప్పు ఉంటుంది. మాడ్యూలు వివరాలు అక్కడి నుంచే వస్తాయి. బోర్డు తయారీదారు వెబ్‌సైటులో ఆ మోడల్‌కు పరీక్షించి చూసిన మాడ్యూళ్ల జాబితా ఉంటుంది. దుకాణానికి బయలుదేరేముందు టాస్క్ మేనేజరు, సీపీయూ-జెడ్ తెరలను ఫోనులో ఫొటో తీసుకుంటే తప్పు సరుకు కొనే ప్రమాదం చాలావరకు పోతుంది.

పనికి సరిపోయే పరిమాణం

ఎంత ర్యామ్ కావాలన్న ప్రశ్నకు జవాబు పనిలోనే ఉంది. శుభలేఖ ఒక పక్క 10 అంగుళాలు, మరో పక్క 7 అంగుళాలు అనుకుందాం. అచ్చుకు అంగుళానికి 300 చుక్కల నాణ్యత కావాలి. అంటే 3,000ను 2,100తో గుణిస్తే 63 లక్షల చుక్కలు. నాలుగు రంగుల అచ్చులో చుక్కకు నాలుగు బైట్లు చొప్పున ఒక పొరకు సుమారు 25 ఎంబీ అవుతుంది. నిండైన పొరలు పది వేసినా 250 ఎంబీ. పాత కంప్యూటరు కూడా దీన్ని మోస్తుంది.

ఇప్పుడు అదే దుకాణానికి 20 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఫ్లెక్సీ పని వచ్చిందనుకుందాం. ఫ్లెక్సీని దూరం నుంచి చూస్తారు గనుక అంగుళానికి 72 చుక్కలు చాలు. అయినా 17,280ని 8,640తో గుణించాలి. చుక్కలు దాదాపు 15 కోట్లు, ఒక్క పొరకే సుమారు 600 ఎంబీ. నాయకుడి ఫొటో, వెనక రంగు, నీడలు, పేర్ల పట్టీలు కలిపి పది నిండైన పొరలైతే 6 జీబీ. చేసిన పనిని వెనక్కి తీసుకోవడానికి ఫొటోషాప్ దాచుకొనే మెట్లు దీనికి అదనం. విండోస్‌కు, బ్రౌజరుకు కావలసింది వేరే. 8 జీబీ ఉన్న కంప్యూటరు ఇక్కడ చతికిలపడుతుంది.

ర్యామ్ నిండిపోతే కంప్యూటరు ఆగిపోదు, మిగిలినదాన్ని డిస్కు మీదికి తోస్తుంది. ఫొటోషాప్ దీనికోసం స్క్రాచ్ డిస్కు అనే చోటును వాడుకుంటుంది. హార్డ్‌డిస్కు ర్యామ్‌కన్నా ఎన్నో రెట్లు నిదానం. కుంచె కదిలించిన తర్వాత బొమ్మ కదలడానికి క్షణాలు పట్టడానికి కారణం ఇదే. అప్పుడు వేగవంతమైన ర్యామ్ కాదు, ఎక్కువ ర్యామ్ కావాలి.

అన్ని ప్రోగ్రాములూ ఎక్కువ ర్యామ్‌ను వాడుకోలేవన్నది కూడా తెలియాలి. 32 బిట్ల విండోస్ మొత్తం మీద 4 జీబీ దాటి చూడలేదు, అందులోనూ కొంత ఇతర పరికరాలకు పోతుంది. 64 బిట్ల విండోస్ మీద నడిచినా, 32 బిట్ల పాత ప్రోగ్రాము ఒక్కటీ సాధారణంగా 2 జీబీకి మించి తీసుకోలేదు. 2001లో చివరి ప్రధాన రూపం వచ్చిన పేజ్‌మేకర్, పాత ఇన్‌పేజ్ రూపాలు ఈ కోవలోవే. ఉర్దూ, తెలుగు అక్షర కూర్పు మాత్రమే చేసే యంత్రానికి 32 జీబీ వేయడం వల్ల వేగం పెరగదు.

వీటన్నిటినీ కలిపి చూస్తే అంచనా ఇలా తేలుతుంది. టైపింగు, జిరాక్సు, ఆన్‌లైన్ దరఖాస్తులు, బిల్లుల వరకే అయితే 8 జీబీ సరిపోతుంది. శుభలేఖలు, కరపత్రాలు, మామూలు ఫొటో పని చేసే డిజైన్ యంత్రానికి 16 జీబీ తగినది. ఫొటోషాప్‌కు అడోబీ సిఫారసు చేసే మొత్తమూ అదే, 8 జీబీ కనీసం. పెద్ద ఫ్లెక్సీలు, పెళ్లి ఆల్బములు, వీడియో కూర్పు రోజువారీ పని అయితే 32 జీబీకి పెట్టిన డబ్బు వృథా కాదు. ఊహతో పని లేకుండా తేల్చుకోవాలంటే, రద్దీ ఉన్న రోజు అన్ని ప్రోగ్రాములూ తెరిచి ఉన్నప్పుడు టాస్క్ మేనేజరులో వాడకం చూడాలి. అది తరచుగా 85 శాతం దాటుతుంటే ర్యామ్ పెంచాలి. 60 శాతం లోపే ఉంటే నిదానానికి కారణం మరోచోట వెతకాలి. చాలా పాత యంత్రాల్లో ఆ కారణం హార్డ్‌డిస్కే. దాని స్థానంలో ఎస్‌ఎస్‌డి వేయడం ర్యామ్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

ఒకటా, జంటా

మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసరుకు ర్యామ్‌తో మాట్లాడటానికి రెండు మార్గాలు ఉంటాయి. ఒక్కో మార్గం వెడల్పు 64 బిట్లు. ఒకే మాడ్యూలు పెడితే ఒక మార్గం ఖాళీగా ఉంటుంది. డీడీఆర్4-3200 మాడ్యూలు ఒక మార్గంలో సెకనుకు 25.6 జీబీ అందిస్తే, రెండు మార్గాలూ కలిసి 51.2 జీబీ అందిస్తాయి. అందుకే 16 జీబీ ఒకే మాడ్యూలు కన్నా 8 జీబీవి రెండు మేలు.

ఈ తేడా అందరికీ ఒకేలా కనిపించదు. అక్షర కూర్పులో దాదాపు తెలియదు. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో బాగా తెలుస్తుంది, ఎందుకంటే ప్రాసెసరులోనే ఉన్న గ్రాఫిక్స్ భాగం తన జ్ఞాపకంగా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది. చిన్న దుకాణాల యంత్రాల్లో గ్రాఫిక్స్ కార్డు లేనివి చాలా ఉంటాయి గనుక జంట సలహా వాళ్లకు మరీ ముఖ్యం.

నాలుగు స్లాట్ల బోర్డులో రెండు మాడ్యూళ్లను పక్కపక్కనే పెట్టకూడదు. చాలా బోర్డుల్లో ప్రాసెసరు వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది సరైన స్లాట్లు. బోర్డు పుస్తకంలో దీని బొమ్మ ఉంటుంది. వేరువేరు పరిమాణాలు, అంటే 4 జీబీ పక్కన 8 జీబీ పెట్టినా చాలా బోర్డులు సర్దుకుంటాయి. అప్పుడు కొంత భాగమే రెండు మార్గాల్లో నడుస్తుంది, వేగం రెంటిలో నిదానమైనదాని స్థాయికి దిగుతుంది.

డీడీఆర్5లో నాలుగు స్లాట్లూ నింపడం మంచిది కాదు. ఏఎండీ రైజెన్ 7000 ప్రాసెసర్లకు రెండు మాడ్యూళ్లతో 5200 వేగం అధికారిక పరిమితి, నాలుగు పెడితే అది 3600కు పడిపోతుంది. ఆ తరంలో 32 జీబీ కావాలంటే మొదటే 16 జీబీవి రెండు కొనడం సరైన పద్ధతి. తర్వాత కలుపుకుందామని 8 జీబీవి కొంటే ముందు ముందు ఇబ్బందే.

వేగం, ఆలస్యం

మాడ్యూలు మీది 3200, 4800, 6000 అంకెలు సెకనుకు ఎన్ని మిలియన్ల బదిలీలు జరుగుతాయో చెబుతాయి. స్టిక్కరు మీద పీసీ4-25600 అని ఉంటే అది సెకనుకు మెగాబైట్లలో రాసిన డీడీఆర్4-3200 వేగమే. 3200ను మార్గం వెడల్పు అయిన 8 బైట్లతో గుణిస్తే 25,600 వస్తుంది. పీసీ3-12800 అంటే డీడీఆర్3-1600, పీసీ5-38400 అంటే డీడీఆర్5-4800.

సీఎల్ అనే రెండో అంకె, అడిగిన సమాచారం రావడానికి ఎన్ని గడియార చక్రాలు పడతాయో చెబుతుంది. సీఎల్‌ను 2,000తో గుణించి, వేగంతో భాగిస్తే నానోసెకన్లు వస్తాయి. డీడీఆర్3-1600 సీఎల్11కు 13.75 నానోసెకన్లు. డీడీఆర్4-3200 సీఎల్22కు సరిగ్గా అంతే. అదే డీడీఆర్4-3200 సీఎల్16కు 10. డీడీఆర్5-4800 సీఎల్40కి దాదాపు 16.7, డీడీఆర్5-6000 సీఎల్30కి 10. తరాలు మారినా అడిగిన సమాచారం అందడం మొదలయ్యే సమయం పెద్దగా తగ్గలేదని, తర్వాత ప్రవాహంగా వచ్చే పరిమాణమే పెరిగిందని ఈ లెక్క చూపుతుంది.

మూడో సంగతి బోర్డు పరిమితి. 10వ తరం కోర్ ఐ3 లేదా ఐ5ను హెచ్410 బోర్డు మీద వాడితే ర్యామ్ 2666 దాటి నడవదు. అక్కడ 3600 మాడ్యూలుకు అదనంగా పెట్టిన డబ్బు పూర్తిగా వృథా. ఎక్కువ వేగం రాసి ఉన్న చాలా మాడ్యూళ్లు పెట్టగానే ఆ వేగం అందుకోవు. మొదట జెడెక్ ప్రమాణ వేగంతోనే లేస్తాయి. బయోస్‌లో ఇంటెల్ బోర్డులకు ఎక్స్‌ఎంపీ, ఏఎండీ డీడీఆర్5 బోర్డులకు ఎక్స్‌పో అనే అమరికను ఆన్ చేయాలి. ఇది ప్రమాణానికి మించిన వేగం గనుక వేసవి వేడిలో తప్పులు వస్తే మొదట ఆపి చూడవలసింది దీన్నే. మిరుమిట్లు గొలిపే లైట్లు ఉన్న మాడ్యూళ్లకు అదనంగా పెట్టే డబ్బును సరిగ్గా పనిచేసే యూపీఎస్ బ్యాటరీకి పెట్టడం మేలు. కరెంటు పోయినప్పుడు ర్యామ్‌లోని పనిని కాపాడేది అదే.

ఈసీసీ, సర్వర్ సరుకు

ర్యామ్‌లో అరుదుగా ఒక బిట్ తనంతట తాను తిరగబడుతుంది. ఈసీసీ మాడ్యూళ్లు అదనపు బిట్లు దాచి, డీడీఆర్4 వరకు ప్రతి 64 బిట్లకు 8 చొప్పున, అలాంటి తప్పును దిద్దుతాయి. దీనికి ప్రాసెసరు, బోర్డు కూడా సహకరించాలి. మామూలు ఇంటెల్ బోర్డుల్లో ఆ సదుపాయం ఉండదు. డీడీఆర్5 చిప్పుల లోపల తప్పు దిద్దే ఏర్పాటు కొంత ఉంది. అది చిప్పు లోపలికే పరిమితం, చిప్పు నుంచి ప్రాసెసరుకు వచ్చే దారిలో జరిగే తప్పును పట్టదు. అందువల్ల దాన్ని పూర్తి ఈసీసీగా అమ్మడం సరికాదు.

పాత సరుకు బజారులో జాగ్రత్త పడవలసింది సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ మాడ్యూళ్ల దగ్గర. డేటా కేంద్రాలు యంత్రాలు మార్చినప్పుడు ఇవి పెద్ద సంఖ్యలో, తక్కువ ధరకు వస్తాయి. డీడీఆర్4 రిజిస్టర్డ్ మాడ్యూలు మామూలు స్లాటులో చక్కగా దిగుతుంది, కాని యంత్రం లేవదు. గుర్తించే దారి స్టిక్కరులోనే ఉంది. పెద్ద తయారీదారుల డీడీఆర్4 లేబులు మీద వేగం తర్వాత గీత పెట్టి రాసే గుర్తు యూ అక్షరంతో మొదలైతే డెస్క్‌టాప్‌ది, ఎస్‌తో మొదలైతే ల్యాప్‌టాప్‌ది, ఆర్‌తో మొదలైతే సర్వర్‌ది. మాడ్యూలు మధ్యలో మిగతా చిప్పుల్లా కాక వేరుగా ఒక చిప్పు ఉండటం డీడీఆర్4 సర్వర్ సరుకుకు మరో గుర్తు.

కొత్త సరుకు, పాత సరుకు

నగరంలో కంప్యూటరు భాగాల పెద్ద బజారు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. పాతబస్తీ దుకాణాల వాళ్లకూ కొత్త సరుకుకు అదే ప్రధాన గమ్యం. గురువారం నాడు సాగే జుమ్మేరాత్ బజారు వంటి పాత వస్తువుల సంతల్లో విడి భాగాలు దొరకవచ్చు, కాని అక్కడ పరీక్షించి చూసే వీలు ఉండదు.

కొత్త మాడ్యూలు కొంటే జీఎస్టీ బిల్లు తప్పక అడగాలి. ర్యామ్‌కు తయారీదారులు ఇచ్చే వారంటీ కాలం కంప్యూటరులోని చాలా భాగాలకన్నా ఎక్కువ. బిల్లు, మాడ్యూలు మీది సీరియల్ స్టిక్కరు రెండూ ఉంటేనే అది అక్కరకు వస్తుంది. స్టిక్కరు చింపకూడదు, దాని మీద పెన్నుతో రాయకూడదు.

పాత మాడ్యూలు కొనడం తప్పు కాదు. కదిలే భాగాలు లేని ర్యామ్ సరిగ్గా వాడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. డీడీఆర్3 విషయంలో పాతది కొనడమే తెలివైన పని. కాని మూడు సంగతులు చూడాలి. అంచున ఉన్న బంగారు పూత గీతలు నల్లబడకుండా, గీసుకుపోకుండా ఉన్నాయా? చిప్పుల మీది అక్షరాలు అసలువేనా, చెరిపి మళ్లీ ముద్రించినట్టు ఉన్నాయా? పరీక్షలో తప్పు వస్తే తిరిగి తీసుకుంటామని అమ్మేవారు మాట ఇస్తున్నారా? ఇంటెల్ జీ41 వంటి చాలా పాత బోర్డులకు మరో పరిమితి ఉంది. అవి ఎక్కువ సాంద్రత గల చిప్పులను చదవలేవు. 4 జీబీ మాడ్యూలు మీద రెండు వైపులా కలిపి 16 చిప్పులు ఉంటేనే అది వాటికి పనికొచ్చే అవకాశం ఉంది. ఏఎండీ బోర్డులకు మాత్రమే అని రాసి అమ్మే చవక మాడ్యూళ్లు ఇంటెల్ బోర్డుల మీద పనిచేయవు.

పాత బోర్డు మీద ఎంత ఖర్చు పెట్టాలన్నది కూడా ఆలోచించాలి. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం, ఆపై ప్రాసెసర్లనే ఒప్పుకుంటుంది. హెచ్61, హెచ్81 యంత్రాలకు పాత డీడీఆర్3తో 8 జీబీ చేసి, ఎస్‌ఎస్‌డి వేసి మరికొంత కాలం నడుపుకోవడం న్యాయమైన ఖర్చు. అంతకు మించిన డబ్బును కొత్త యంత్రానికి దాచుకోవడం మేలు.

బిగింపు, పరీక్ష

మాడ్యూలు బిగించేముందు కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోగొట్టాలి. క్యాబినెట్ ఇనుమును తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తు వదిలించుకోవాలి. మాడ్యూలును అంచుల దగ్గరే పట్టుకోవాలి. గాడి కుదిరిందని చూసుకుని రెండు చివరలా సమానంగా నొక్కితే పక్క పట్టీలు టక్కున మూసుకుంటాయి.

తెర మీద ఏమీ రాకపోతే మాడ్యూలు తీసి, రబ్బరుతో గీతలు తుడిచి మళ్లీ పెట్టడం మరమ్మతు దుకాణాల్లో పాత అలవాటు. అది చాలాసార్లు ఫలిస్తుంది, ఎందుకంటే దుమ్ము, తేమ వల్ల గీతల మీద పేరుకున్న పొరే తరచుగా కారణం. గరుకు రబ్బరు మాత్రం పలుచని బంగారు పూతను అరగదీస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన మెత్తని గుడ్డతో తుడిచి, ఆరాక బిగించడం మేలు. స్లాటులోని దుమ్మును బ్లోయరుతో ఊదాలి. డీడీఆర్5 కొత్తగా పెట్టినప్పుడు బోర్డు దాన్ని పరిశీలించి సర్దుకోవడానికి మొదటిసారి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. అప్పుడు తెర చీకటిగా ఉందని కరెంటు తీసేయకూడదు.

యంత్రం లేచినంత మాత్రాన ర్యామ్ బాగున్నట్టు కాదు. మెమ్‌టెస్ట్86 వంటి ఉచిత ప్రోగ్రామును పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, రాత్రంతా వదిలేస్తే ప్రతి గదినీ రాసి, చదివి చూస్తుంది. ఒక్క తప్పు వచ్చినా ఆ మాడ్యూలును నమ్మకూడదు. రెండు మాడ్యూళ్లు ఉంటే ఒక్కొక్కటిగా పరీక్షిస్తే దోషి దొరుకుతుంది. తప్పు చేసే ర్యామ్‌తో వచ్చే నష్టం యంత్రం ఆగిపోవడంతో పోదు. సేవ్ చేస్తున్న ఫైలు కూడా పాడవచ్చు. పెళ్లి ముందు వారం శుభలేఖ ఫైలు తెరుచుకోకపోతే కలిగే ఇబ్బంది ముందు ఒక రాత్రి పరీక్ష చాలా చిన్నది.

ధరల తీరు

కొద్దిమంది తయారీదారుల చేతిలో ఉన్న డీర్యామ్ ధర ప్రపంచ గిరాకీని బట్టి ఎగసి పడుతుంది. 2025లో పెద్ద తయారీదారులు డీడీఆర్4 ఉత్పత్తిని తగ్గించుకునే పనిలో పడ్డారు. కృత్రిమ మేధ డేటా కేంద్రాలు కోరే ఖరీదైన జ్ఞాపకం వైపు కర్మాగారాలు మళ్లడంతో ఆ ఏడాది ద్వితీయార్ధంలో మామూలు ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. సాధారణ వినియోగదారులకు క్రూషియల్ పేరుతో చేస్తున్న వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు మైక్రాన్ 2025 డిసెంబరులో ప్రకటించింది.

ధర చవకగా ఉన్నప్పుడు తప్పు ఎంపిక చిన్న నష్టంతో పోతుంది, పెరిగినప్పుడు దుకాణం నెల లాభాన్ని మింగుతుంది. గిరాకీని, కర్మాగారాలను మార్చడం ఛత్తా బజారు డిజైనరు చేతిలో లేదు. బోర్డు మోడల్ రాసుకుని, రద్దీ రోజున వాడకం చూసుకుని, జంటగా కొని, రాత్రంతా పరీక్షించడం మాత్రం పూర్తిగా అతని చేతిలో ఉంది. దానికి ఖర్చయ్యేది కాస్త సమయమే, అది నేర్చుకోవడానికి ఇంజినీరింగ్ చదువు అక్కర్లేదు.